బావకు పెట్టిన చేదు కార్జం

అరవైల మొదట్లో నేను మెడిసిన్ చదువుతూ సెలవులకు తోటపల్లి గూడూరులోని మా ఇంటికి వచ్చాను. కొత్తగా పెళ్లయిన అక్కాబావా వస్తున్నారని నాన్న పొట్టేలును కోయించాడు. మా ఇంట్లో కార్జం వేపుడు ముందుగా అల్లుడికే వడ్డించాలి.

నాయనమ్మ కార్జం శుభ్రం చేయబోతుంటే నేను కత్తి లాక్కున్నాను. "మనిషి కార్జానికి కుడిఎడమల హద్దు పైన కనిపించే మడత కాదు నాయనమ్మా, ఈ పిత్తాశయం మీదుగా పోతుంది. చూడు!"

"అమ్మే, ముందు ఆ చేదుకట్టు తియ్యి!" అని ఆమె అరిచేలోపే నా కత్తి తగిలి ఆ పిత్తపు తిత్తి చిట్లి, పచ్చటి పసరు కార్జమంతా పారింది.

ఎన్నిసార్లు కడిగామో! చివరికి మిరియాలు దట్టించి వేయించాం. మొదటి ముక్కకే బావ ముఖం వేపాకు నమిలినట్టయింది. కొత్త అల్లుడు కదా, ఉమ్మలేక మింగేశాడు. నేను ఏడుస్తూ నిజం చెప్పేశాను.

"నా కడుపు మాత్రం నువ్వు కోయబాక మరదలా!" అన్నాడు. ఇల్లంతా ఒకటే నవ్వులు.

ఇరవై ఏళ్లకు బావ పిత్తాశయంలో రాళ్లు పడ్డాయి. అప్పటికి నేను సర్జన్ని. ఎవరెన్ని చెప్పినా వినకుండా నా దగ్గరికే వచ్చాడు. మత్తు ఇవ్వబోతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఈసారన్నా చేదు చిందనీబాక" అన్నాడు.

ఒక్క చుక్క కూడా చిందనివ్వలేదు.