మూడు పిలుపుల కచేరీ

మా శిరస్తాదారు గారు పోయారు. మొన్న ఏకాదశి నాడు పొద్దున్నే, కొత్తపేటలో తాను అద్దెకున్న ఇంటి అరుగు మీద కూర్చుని, సులోచనాలు తుడుచుకుంటూ పక్కకు ఒరిగిపోయారట. అమలాపురంలో మా ఇంటికి ఆ కబురు తెచ్చిన పడవవాడు నా ముఖం చూసి, "మీకేమవుతారండీ?" అని అడిగాడు. ఏమీ కారని చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని అతని పడవే ఎక్కాను.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని పాత స్నేహితులు అడిగారు. నేను రాయగలిగినవి ఇవి. మంచివో కావో మీరే చూసుకోండి.

పూర్వపు రాజులు పండితులకూ గుళ్లకూ ఇచ్చిన మాన్యాలు ఎవరికి చెల్లుతాయో, ఎవరికి చెల్లవో తేల్చడానికి దొరతనంవారు మా సీమలో ఒక కచేరీ వేశారు. అది తాత్కాలికపు కచేరీ. పని ముగిసిన మర్నాడు కచేరీ ఉండదు, అందులో మేమూ ఉండం. పైన ఒక దొర ఉండేవాడు కానీ, ఆయన గుడారం వదిలి వచ్చింది తక్కువ. కచేరీ అంటే శిరస్తాదారు గారే. ఆయన కింద ఆరుగురు గుమాస్తాలం, నలుగురు బంట్రోతులు. చుట్టరికాలు అడ్డు రాకూడదని శిరస్తాదారుగా పరాయి జిల్లా మనిషినే వేయాలన్నారు. ఆ లెక్కన ఆయన పుట్టుకతోనే ఆ ఉద్యోగానికి తగినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు, చుట్టమన్నవాడు ఒక్కడు ఆయన్ని వెతుక్కుంటూ రాగా మేము చూడలేదు.

నిబంధనల పుస్తకం నా చేతే రాయించారు. పంక్తి ఏ కాస్త వంకరపోయినా ఏమీ అనకుండా కాగితం రెండుగా చింపి, ఓ చిటికెడు పొడుం పీల్చి, కొత్త కాగితం నా ముందు పెట్టేవారు. మూడోసారి చింపినప్పుడు నాకు ఏడుపొచ్చింది. "కన్నీళ్లు పడితే సిరా పాకుతుంది, అవతలికెళ్లి ఏడు" అన్నారు. వెళ్లి ఏడ్చి వచ్చి మళ్లీ రాశాను. ఈవేళ తాలూకాలో నా దస్తూరీని అందరూ మెచ్చుకుంటున్నారంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

తాత్కాలికపు నౌకరీలో సెలవు లేదు. మూడు రోజులు సంతకం లేకపోతే పేరు కొట్టేస్తారు. రాజోలు నుంచి వచ్చిన గుమాస్తా ఒకడికి చలిజ్వరం తగిలి, సత్రంలో మూలుగుతూ పడి ఉంటే, మూడో రోజు సాయంత్రం శిరస్తాదారు గారు హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని స్వయంగా వెళ్లారు. పుస్తకాన్ని అతని రొమ్ము మీద తెరిచి, కలం వేళ్ల మధ్య ఇరికించి సంతకం పెట్టించారు. ఎంత దయగలవారో అని మేమందరం అనుకున్నాం. మర్నాడు పొద్దున కచేరీ తెరవగానే ఆ సంతకం చూపించి, ఇది అతని దస్తూరీలా లేదు, చెల్లదు అని పేరు కొట్టేశారు. ఆ సంగతి తెలియకుండానే అతను నాలుగు రోజులకు పోయాడు. అంతమాత్రం అదృష్టం ఉంది అతనికి.

ఇక అసలు సంగతికి వస్తాను.

విచారణకు వచ్చే మాన్యందారుల్లో ఎవరికైనా చుట్టమైనవాడు ఆ కచేరీలో పనిచేయకూడదు. దాచి చేరినట్టు తేలితే ఆ క్షణమే తొలగిస్తారు, ఆపైన ఏ సర్కారు కచేరీలోనూ గడప తొక్కనివ్వరు. ఈ నిబంధన కూడా నేను రాసిందే. వాడపల్లి దగ్గర అగ్రహారంలో మా చిన్నాన్నకు మాన్యం ఉంది. కానీ నేను ఐదో ఏటే మా అమ్మమ్మగారి వైపువాళ్లకు దత్తత వెళ్లాను. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది. దత్తత వెళ్లినవాడికి పుట్టింటివాళ్లు చుట్టాలవుతారా అన్నది పుస్తకంలో ఎక్కడా లేదు. లేదు గనక కారని నాకు నేనే తీర్పు చెప్పుకుని, చుట్టాలెవరూ లేరని సంతకం చేశాను. అమ్మ పోయాక, దత్తత వెళ్లేదాకా నాకు అన్నం కలిపి పెట్టింది చిన్నాన్న భార్య, మా పిన్ని. ఆ సంగతి అడిగే గడి ఆ కాగితంలో లేదు.

చిన్నాన్న మాన్యం విచారణకు ఇంకా వారం రోజులుందనగా అగ్రహారం కరణం దగ్గర్నుంచి కాగితం వచ్చింది. శిరస్తాదారు గారు మామూలుగా కాగితాలు తనలో తాను చదువుకుంటారు. ఆ రోజు పైకి చదివారు. ఫలానా మాన్యందారు నిన్న కాలం చేశాడు, పిల్లలు లేరు, భార్య ఉంది. చదివి కాగితం మడిచి, సులోచనాల మీంచి మా ఆరుగురినీ ఒక్కొక్కరినే చూశారు. దత్తత వెళ్లినా సరే, పుట్టింటి చావు విన్నవాడు లేచి కట్టుబట్టలతో నీళ్లు పోసుకోవాలి. మా ఇళ్లలో పుట్టినవాడెవడికైనా ఆ సంగతి తెలుసు. ఎవడు లేచి నూతి దగ్గరికి వెళ్తాడో చూడాలని ఆయన ఎత్తు.

నేను లేవలేదు. కలం సిరాలో ముంచి, సగంలో ఉన్న పంక్తి పూర్తి చేశాను. ఆ పంక్తి వంకరపోలేదు.

ఆయన పొడుం పీల్చుకుని మరో కాగితం అందుకున్నారు.

మాన్యందారు చనిపోతే వారసులు విచారణ రోజున స్వయంగా రావాలి. రాలేకపోతే, చుట్టమొకడు కచేరీలో నిలబడి, ఇతను పోయాడు, ఈవిడ భార్య, మైలలో ఉంది అని నోటితో చెప్పాలి. చెబితే నలభై రోజులు గడువిస్తారు. కరణం కాగితం దానికి చెల్లదు. మొగుడు పోయిన మనిషి పదో రోజు దాటకుండా గడప దాటదు. చిన్నాన్న దాయాదులందరూ మైలలోనే ఉన్నారు, కచేరీ ఛాయలకు రారు. సాక్ష్యం చెప్పగలిగినవాళ్లందరికీ మైల పట్టింది, మైల పట్టనట్టు కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పిన్ని బెంగపడలేదని తరవాత తెలిసింది. "అబ్బాయి అక్కడే ఉన్నాడుగా, వాడు చూసుకుంటాడు" అందట.

విచారణ రోజున పేర్లు పిలిచే గుమాస్తా వేరే ఉన్నాడు. అతన్ని కూర్చోమని, పిలుపుల పుస్తకం నా ముందుకు తోశారు శిరస్తాదారు గారు. మూడుసార్లు పిలవాలి. మూడింటికీ పలక్కపోతే హాజరు కాలేదని రాసి, మాన్యం కొట్టేయాలి.

కచేరీ చావడి మెట్ల మీద నిలబడి ఒకసారి పిలిచాను. చిన్నాన్న పేరు, ఆయన వారసులు, హాజరా అని. రెండోసారి పిలిచాను. లోపల్నుంచి శిరస్తాదారు గారి గొంతు వినిపించింది: "ఈవిడ ఎందుకు రాలేదో తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?" అది నిబంధనల్లో లేని ప్రశ్న. నా వెనక ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆయన తొందరపెట్టలేదు. గట్టు మీది బాటలో ఎడ్లబండి ఒకటి కనుచూపు మేర దాటిపోయేదాకా ఆగారు. "ఊఁ, పిలు" అన్నారు.

మూడోసారి పిలిచాను. లోపలికొచ్చి, హాజరు కాలేదని రాశాను.

మరో ఏడాదికి పని ముగిసి, కచేరీ ఎత్తేశారు. ఆఖరి రోజున అందరికీ యోగ్యతా పత్రాలిచ్చారు. నా దాంట్లో ఒకటే వాక్యం: నిబంధనలకు లోబడి నడుచుకున్నవాడు. ఆ వాక్యంతోనే అమలాపురంలో నాకు ఖాయమైన ఉద్యోగం వచ్చింది. పత్రం అందుకుంటూ, ఉండబట్టలేక అడిగాను. అన్నీ తెలిసి నన్నెందుకు తీసేయలేదండీ అని.

"నీమీద జాలితో అనుకునేవు," అన్నారాయన. "నిన్ను తీసేస్తే కొత్త గుమాస్తా కోసం పై కచేరీకి రాయాలి. వాడొచ్చేసరికి నెల. పని ఆగిపోతుంది. అందుకని ఊరుకున్నాను." పొడుం డబ్బీ మూత బిగించి, ఇంకొక మాట అన్నారు. "ఆవేళ నువ్వు నోరు విప్పుతావని చాలాసేపు చూసేనబ్బాయ్. నాలుగో పిలుపు నిబంధనల్లో లేదు."

ఇంతకంటే మెత్తని మాట ఆయన నోట నేను వినలేదు. కొన్నేళ్లు ఆయన్ని తిట్టుకున్నాను. తరవాత తిట్టుకోవడం మానేశాను. నన్ను రాక్షసుడి కింద పెట్టారని చెప్పుకోవడానికి లేకుండా, మాట్లాడేందుకు నాకు కావలసినంత సేపు ఇచ్చిన మనిషి ఆయన.

కొత్తపేటలో పాడె మోసినవాళ్లం నలుగురమూ పాత కచేరీవాళ్లమే. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి పక్కన కూర్చున్నాం. పోయినవాడి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పిలవాలి కదా, ఒకవేళ ప్రాణముంటే పలుకుతాడని. "ఆయనకు చుట్టాలెవరైనా ఉన్నారా అండీ?" అని బ్రహ్మగారు అడిగారు. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఈసారి నేను లేచాను. వంగి, శిరస్తాదారు గారండీ అని పిలిచాను. నా గొంతు చావడి మెట్ల మీద పలికినట్టే పలికింది. రెండోసారి పిలిచాను. మూడోసారికి ముందు చాలాసేపు ఆగాను. ఎవరూ తొందరపెట్టలేదు.

పొద్దుపోయేసరికి అమలాపురం చేరి, తడిబట్టలతో పెరట్లోకి వెళ్లి నూతి దగ్గర కూర్చున్నాను. మాన్యం పోయినప్పటి నుంచీ పిన్ని మా ఇంట్లోనే ఉంటోంది. దిక్కులేని పినతల్లిని తెచ్చి పెట్టుకున్నానని ఊళ్లో నాకు మంచి పేరు. పిన్నికి చదవడం రాదు, అందుకే ఇదంతా రాయగలుగుతున్నాను. ఆవిడ నన్ను తాకకుండా దూరంగా నిలబడి, నీళ్లు తోడి చెంబుతో తల మీద పోసింది.

"ఎవర్రా పోయింది?" అంది.

"కచేరీలో పెద్దాయన."

"మన మాన్యం తీసేసినాయనేనా?"

చెంబు నా తల మీద ఆగి ఉంది. చెప్పడానికి కావలసినంత సేపు ఉంది.

"ఆయనే పిన్నీ" అన్నాను.

"అలాంటివాడి కోసం కూడా వెళ్లి మోసొచ్చేవా నాయనా," అంది పిన్ని. "నీలాంటి మనసు ఎవరికుంటుంది? వంచు తల, నడినెత్తి ఇంకా తడవలేదు."

తల వంచాను.