నెమ్మదిగా పాడిన పిట్ట

వీధిలో అందరూ ఆయన్ని పిట్టల మాస్టారు అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అన్న మాటే, ఆయన మాత్రం దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు. బడిలో పిల్లలకు వేణువు నేర్పి రిటైరయ్యాడు. పొద్దున్నే చిన్న రికార్డరు పట్టుకుని పార్కుకు వెళ్లడం, పిట్టల కూతలు పట్టుకొచ్చి వాటిలోంచి పాటలు కట్టడం ముప్పై ఏళ్లుగా ఆయన వ్యాపకం. పేరేమీ రాలేదు. ఏడాదికోసారి టౌన్‌హాల్లో వాయిస్తే వచ్చేవాళ్లు పట్టుమని యాభై మంది ఉండరు. అయినా మర్నాడు మళ్లీ పార్కులో ప్రత్యక్షం.

ఈ వసంతంలో పార్కు మూగబోయింది. వారం రోజులు తిరిగినా ఒక్క కూత లేదు. పిట్టలు లేకపోతే ఆయనకు పాట లేదు, సొంతంగా ఒక్క వరస కట్టిన పాపాన పోలేదు. కోపమంతా తోటమాలి మీదికి మళ్లింది.

"ఏం మందు కొట్టావయ్యా చెట్లకి? పిట్టలన్నీ ఎక్కడికి పోయాయి?"

తోటమాలి ఎగాదిగా చూశాడు. "ఎక్కడికీ పోలేదు సార్. నెత్తి మీదే ఉన్నాయి, చూసి నడవండి."

వెటకారమనుకుని మాస్టారు రుసరుసలాడుతూ ఇంటికొచ్చాడు. పంతం కొద్దీ కూర్చుని, వెళ్లిపోయిన పిట్టల కోసం ఒక శోకగీతం కట్టాడు. ఈసారి హాల్లో అది వాయించి అందరి చేతా కంటతడి పెట్టించాలని ఆయన పట్టుదల.

ఆయన భార్య బట్టలు కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కనే ఆవిడ మిషను. సంగీతం తనకు తెలియదని ఆవిడే చెప్పుకుంటుంది. ఆయన కళ్లు మూసుకుని, శోకంలో నిండా మునిగి వాయిస్తుంటే ఆవిడ మిషను ఆపింది.

"ఏవండీ, ఆ కిటికీ వేసి వాయించుకోండి. పిట్ట గోలలో మీ పాట వినబడట్లేదు."

"ఏ పిట్ట?"

"ఏ పిట్టేంటి, ఇందాకట్నుంచీ చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటేను."

ఆయన కళ్లు తెరిచాడు. కిటికీ చువ్వ మీద చిన్న పిట్ట నోరు తెరుస్తోంది, మూస్తోంది. గొంతు ఉబ్బుతోంది. చప్పుడు మాత్రం లేదు. ఆయన చేతిలోంచి వేణువు జారి బట్టల కుప్ప మీద పడింది.

మాటలు, బళ్ల చప్పుడు వినబడతాయని, బాగా సన్నటి, హెచ్చు శ్రుతి చప్పుళ్లు మాత్రం ఇక వినబడవని చెవుల డాక్టరు తేల్చేసింది. పెద్దవయసులో మామూలేనట. "నా పని అయిపోయింది" అంటూ మాస్టారు వేణువును బీరువాలో పెట్టేశాడు. ముప్పై ఏళ్లు ఆవిడ విసుక్కున్న పాటే, అది లేకపోయేసరికి ఇల్లు ఇల్లులా లేదు. నాలుగు రోజులు చూసి ఆవిడ ఇక ఉండబట్టలేకపోయింది.

"మిషను కుట్టు తప్పుతుంటే నేనేం చేస్తాను?"

"ఏం చేస్తావు, నన్ను తిడతావు."

"తిట్టాక సంగతి చెప్పండి. తొక్కుడు మీంచి కాలు తీసేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూస్తాను. జోరుగా తిరిగేటప్పుడు కనబడని తప్పు అప్పుడు కనబడుతుంది. మీ డబ్బాలో పిట్టని కూడా అలా మెల్లగా తిప్పలేరా?"

తిప్పొచ్చు. రికార్డరులో ఆ మీట ఎప్పుడూ ఉంది, ఆయనే వాడలేదు. వేగం తగ్గితే శ్రుతి కూడా కిందికి దిగుతుంది. ఈ వసంతంలో పార్కులో పట్టి, ఖాళీ అనుకున్న రికార్డింగును సగం వేగానికి తగ్గించాడు. లీలగా ఏదో వినబడింది. ఇంకా సగానికి తగ్గించాడు. పిట్ట పలికింది, లోతైన గొంతుతో, తీరిగ్గా. తాను ఇన్నేళ్లూ ఒక్క స్వరమనుకుని వాయించిన చోట నాలుగున్నాయి, నాలుగింటినీ కలుపుతూ ఒక జారుడు కూడా ఉంది. ముప్పై ఏళ్లూ తప్పు వాయించానని తెలిసి ఆయన సిగ్గుపడలేదు, పట్టరాని సంతోషంతో పకపకా నవ్వాడు. బీరువాలోంచి మంద్రంగా పలికే పొడుగాటి వేణువు తీసి కూర్చుంటే మధ్యాహ్నం భోజనం మాటే మరిచిపోయాడు. బతికున్నవాళ్లకి ఏడుపేంటని శోకగీతాన్ని చించి పారేశాడు. సాయంత్రం వెళ్లి తోటమాలికి క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇప్పుడు పార్కుకు ఇద్దరూ వెళ్తున్నారు. పొద్దున్నే లేవడమంటే ఆవిడకు ప్రాణసంకటం, దారి పొడుగునా సణుగుతూనే వస్తుంది. ఉన్నట్టుండి ఆగి, వేలెత్తి ఒక కొమ్మ చూపిస్తుంది. ఆయన రికార్డరును అటు ఎత్తి పట్టుకుంటాడు. ఆయనకేమీ వినబడదు.

"బాగుందా?" అని గుసగుసగా అడిగాడు ఒకరోజు.

ఆవిడ కొమ్మ మీంచి చూపు తిప్పలేదు. కళ్లు చెమర్చాయి. "నాకేం తెలుసు? ఇంటికెళ్లాక మీరే చెబుదురుగాని. చెయ్యి కదపకండి."

ఆవిడ వేలు దించేదాకా ఆయన కదల్లేదు.