ఊరు దాటితే వంకరపోయే బంతి

ఐర్లండ్‌లోని లిమరిక్ ఊళ్ళో రగ్బీ బంతిని గోల్‌కి తన్నబోయేది ఎవరైనా సరే, మనవాడైనా అవతలివాడైనా, మైదానం మొత్తం నోరు మూసుకుంటుంది. దగ్గొచ్చినా మింగుతారు. ఆ నిశ్శబ్దంలోనే ఆట నేర్చుకున్నాడు పోస్ట్‌మన్ మాలచీ హార్టిగన్. సొంతూళ్ళో అతని గురి తప్పగా చూసినవాళ్ళు లేరు. ఊరు దాటితే మాత్రం అంతే సంగతులు. ఇరవై నాలుగో ఏట ఐర్లండ్ జట్టులో మొదటిసారి కార్డిఫ్‌లో ఆడాడు. జనం ఈలలు వేస్తుంటే మూడు తన్ని మూడూ పోగొట్టాడు. ఆ తర్వాత ఏడేళ్ళు సెలెక్టర్లు అతని వంక చూడలేదు. "ఊరి సరిహద్దు దాటని కాలు" అని పత్రికలు రాశాయి. పాపం, ఆ పత్రికల్ని కూడా ఇంటింటికీ అతనే పంచాడు.

ముప్ఫై ఒకటో ఏట, జట్టులో గోల్స్ కొట్టే కుర్రాడి కాలు విరగడంతో ప్యారిస్ మ్యాచ్‌కి కబురొచ్చింది. అక్కడా తప్పితే ఐర్లండ్ ఆకుపచ్చ జెర్సీ మళ్ళీ కలలోకి కూడా రాదు. మూడు వారాలే గడువు.

"నీ కాలు బాగానే ఉందయ్యా. చెవులే పాడు," అంది భార్య ఇమెల్డా. పందిమాంసం ఫ్యాక్టరీలో తనతో పనిచేసే ఆడవాళ్ళని ఇరవైమందిని మైదానానికి తోలుకొచ్చి, "ఇక అరవండే!" అంది.

ఒక్కరూ అరవలేదు. బంతి తన్నేవాడి ముందు నోరెత్తడమే! ఒకావిడ శిలువ గుర్తు కూడా వేసుకుంది. చివరికి మాంసం కోసే ముసలి జోసీ బకెట్ తిరగేసి బాదింది.

"ఒరేయ్ మాలచీ! నా పెన్షన్ కాగితం ఎదురింట్లో పడేసినవాడివి, బంతిని సరైన చోట పడేస్తావురా?"

మాలచీకి నవ్వాగలేదు. తన్నిన బంతి పక్కకి పోయింది.

"చూశారా, ఎదురింట్లోనే వేశాడు!"

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. అతని ముక్కునీ, నడకనీ, అత్తగారినీ ఎవర్నీ వదల్లేదు. మొదటివారం కోపంతో రెండుసార్లు ఇంటికెళ్ళిపోయాడు. రెండోవారం ఆ గోల మధ్యే బంతి కుట్లు లెక్కపెట్టుకోవడం అలవాటైంది. చివరి శనివారం ఇరవైకి పంతొమ్మిది కొట్టాడు.

ప్యారిస్‌లో ఆఖరి నిమిషానికి ఐర్లండ్ రెండు పాయింట్లు వెనకబడి ఉంది. పెనాల్టీ దొరికింది. కొడితే మూడు. దూరం నలభై గజాలు, పైగా పక్కగాలి. మైదానమంతా ఈలలు, బూరలు. మాలచీ మడమతో నేల తవ్వి బంతిని నిలబెట్టాడు. ఫ్రెంచివాళ్ళకి తిట్టడం బొత్తిగా చేతకాదనిపించింది. నాలుగడుగులు వెనక్కి వేసి తన్నాడు.

బంతి గుంజల నడుమ నుంచి తిన్నగా వెళ్ళింది. జట్టులో మిగతా పద్నాలుగుమందీ కలిసి అతణ్ణి ఎత్తుకున్నారు. మాలచీ సిగ్గుపడకుండా ఏడ్చాడు.

"ఇన్నాళ్ళూ ఏమైపోయావయ్యా?" అని అడిగాడు ఓ పత్రికవాడు.

"మా ఊళ్ళోనే ఉన్నానండీ," అన్నాడు మాలచీ. "మావాళ్ళు మరీ మర్యాదస్తులు. నాకోసం ఆ మర్యాద వదులుకోమని అడగడానికే నాకు ఏడేళ్ళు పట్టింది. చివరికి అది కూడా మా ఆవిడే అడిగింది."