మబ్బు కోసం వచ్చినామె

నా చిన్నప్పుడు ఎండలు ముదిరాయంటే మదనపల్లె బజారులోని మా అంగడి సగం ఎద్దులబండెక్కి ఏనుగు మల్లమ్మ కొండకు కదిలేది. చల్లదనం కోసం పైకొచ్చే దొరలకైనా, మద్రాసు పెద్దమనుషులకైనా ఉప్పూ పప్పూ కావాలి కదా. మా తాతయ్య అక్కడొక కొట్టం వేసి, వచ్చినవాళ్ళకు ముందు చెంబెడు మజ్జిగ ఇచ్చేవాడు. సరుకు మాట ఆ తర్వాతే. నా పని నోటితో. గాలిబండ అంచున నిలబడితే గాలి మనిషిని వెనక్కి తోస్తుందనీ, ఎండాకాలం చివర మబ్బు కిటికీలోంచి ఇంట్లోకే వస్తుందనీ ఊరించి చెప్పేదాన్ని. బేరం నాకు ఉగ్గుపాలతో అబ్బింది. కొండను కూడా మా సరుకే అన్నట్టు అమ్మేదాన్ని.

మా అంగళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. అడిగిన సరుకు అయిపోతే 'లేదు' అనకూడదు. ఆ మాట నోట వస్తే లక్ష్మి గడప దాటుతుందని నమ్మకం. 'రేపొస్తాది' అనాలి. రేపంటే లేదని బజారులో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. బయటివాళ్ళు పాపం మర్నాడు సంచి పట్టుకుని మళ్ళీ వచ్చేవాళ్ళు.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక వేసవి, మా కొట్టం ఎదుటి బంగళాలో మద్రాసు నుంచి వచ్చిన దంపతులు దిగారు. ఆమెకు ఊపిరితిత్తుల జబ్బు. కొండగాలి మేలు చేస్తుందని భర్త తీసుకొచ్చాడు. ఆమెకు మాత్రం గాలి మీద ఆశ లేదు. మబ్బు ఇంట్లోకి రావడం ఒక్కసారి చూడాలి, అంతే. ఆ ఏడు కొండ కూడా ఎండకు కాలిపోయింది. ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉండేది. తాతయ్య పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని పాలచెంబు ఇవ్వడానికి వెళ్తే ఆమె వసారాలో దిండుకు ఆనుకుని మబ్బు సంగతి అడిగేది. రేపొస్తాది తల్లీ, అనేవాడు తాతయ్య. ఆమె నవ్వి ఊరుకునేది.

రానురాను ఆమె దిండు మీంచి తల ఎత్తడం కూడా మానేసింది. భర్త కిందికి తీసుకుపోవడానికి బండి మాట్లాడాడు. ఆ పొద్దున ఆమె అడగకపోయినా తాతయ్యే, "రేపొస్తాదమ్మా" అన్నాడు.

ఆమె దగ్గు ఆగేదాకా ఉండి మెల్లగా అంది: "మా నాయనది కుప్పంలో చింతపండు అంగడి తాతా. రేపంటే ఏందో నాకు తెలీదా?"

తాతయ్య బేరం చెడుతోందనుకుని నేను ముందుకు దూకాను. "ఇంకా రెండు దినాలుండక్కా, తప్పకుండా వస్తాది."

"బాగా అమ్ముతాండావు పాపా," అందామె. "కొనేదానికి నాకాడ దినాలు లేవు."

తాతయ్య వసారాలో నేల మీదే కూలబడ్డాడు. "లేదు తల్లీ," అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు. ఆమె ముఖం కాస్త తేటపడింది, ఇన్నాళ్ళకు ఎవరో తనతో మాట్లాడినట్టు.

అవతల కొట్టం ముందు జనం పిలుస్తున్నా తాతయ్య లేవలేదు. ఏమీ చెయ్యలేదు, చెయ్యడానికేమీ లేదు. ఆమె కుప్పం సంతలో చింతపండు బుట్టల గురించి చెప్పింది, గింజ తీయని చింతపండును తీసినట్టు అమ్మే వాళ్ళ నాయన గురించి చెప్పింది. తాతయ్య విన్నాడు. బండి వచ్చి ఆమెను ఎక్కించాక మలుపు దగ్గర దుమ్ము అణిగేదాకా ఇద్దరం నిలబడ్డాం. తర్వాత ఆమె సంగతి మాకు తెలియలేదు.

కొన్నాళ్ళకు మబ్బు వచ్చింది. కొట్టంలోకి దూరి బెల్లమంతా తడిపింది. తాతయ్య దాని వైపు చూడకుండా సరుకు మీద గోనెపట్టాలు కప్పుతూ పోయాడు.

ఇప్పుడు ఆస్పత్రిలో ఎవరినైనా చూడబోతే 'ఏం పరవాలేదు, తగ్గిపోతుంది' అన్న మాట నాలుక చివరికి వచ్చేస్తుంది. అమ్మి అలవాటైన నాలుక మరి. దాన్ని మింగేసి మంచం పక్కన పీట లాక్కుని కూర్చుంటాను. ఏం చెప్పాలో ఈ వయసులోనూ తెలియదు. వాళ్ళు చెప్పేది అయ్యేదాకా మాత్రం లేవను.