ఖాళీగా వెళ్ళిన బాక్సు

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మా ఆయనకు చెప్పలేదు, నాతో కలిసి పనిచేసిన టీచర్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

శంషాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి చెప్పేదాన్ని. ఆ ఏడు పిల్లల టిఫిన్ గురించి గోడకు ఒక చార్టు అంటించారు. నూనె తక్కువ, ఉప్పు తక్కువ, నెయ్యీ ఆవకాయా వద్దు, పళ్ళూ మొలకెత్తిన పెసలూ మంచివి. బాక్సులు తెరిచి చూసే పని నాది. ఆ పని నాకు నచ్చేది కూడా. ఇతరుల తప్పులు పట్టడంలో నాకు మొదటినుంచీ ఓపిక ఎక్కువ.

అఖిల మా క్లాసు పిల్ల. వాళ్ళమ్మ కొత్తూరులో ఏదో ఫ్యాక్టరీలో పనిచేసేది. పిల్లకు సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో కఫం చిక్కబడుతుంది, తిన్నది ఒంటికి పట్టదు, చెమటలో ఉప్పు పోతుంది. ఇదంతా నాకిప్పుడు తెలుసు. అప్పుడు వాళ్ళమ్మ డాక్టరు రాసిచ్చిన కాగితం నా చేతిలో పెట్టి, "అన్నంల నెయ్యి మస్తు పోస్తున్న టీచర్, ఉప్పు గూడ ఎక్కువేస్తున్న. తినేముందు జర ఈ అరుగుదల గోలీ ఎయ్యున్రి," అంది. నేను సరేనని ఆ కాగితం సొరుగులో పడేశాను.

ఎందుకు చదవలేదు? ఇంగ్లీషు రాక కాదు. దగ్గే పిల్లకు నెయ్యేమిటి అనుకున్నాను. మా ఇంట్లో ఎవరికి దగ్గొచ్చినా అమ్మ ముందు నెయ్యీ నూనే మానిపించేది, చారన్నం తప్ప పెట్టేది కాదు. పైగా, చదువుకోని మనిషి, డాక్టరు ఒకటి చెబితే ఇంకోటి విని ఉంటుందిలే అనుకున్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది.

గోలీ మాత్రం రోజూ వేసేదాన్ని. తరువాత నెయ్యన్నం మా క్లాసు ఆయా చేత పారబోయించి, స్కూలువాళ్ళిచ్చే పెసలూ జామకాయ ముక్కలూ తినిపించేదాన్ని. పిల్ల ఎదురు చెప్పేది కాదు. అమ్మకు చెప్పకు, బాధపడుతుంది అని అన్నానేమో కూడా. అన్నానేమో ఏమిటి, అన్నాను.

రెండు నెలలకు పిల్ల చేతులు పుల్లలయ్యాయి. ఒక సాయంత్రం స్కూలు వదిలాక వాళ్ళమ్మ గేటు దగ్గర నన్ను ఆపింది.

"టీచర్, అఖిల బువ్వ సక్కగ తింటున్నదా? బరువు దిగిపోయింది. తింటలేదా అని డాక్టర్ సాబ్ అడుగుతున్నడు."

"బాక్సు ఖాళీగానే వస్తోంది కదండీ," అన్నాను.

"ఖాళీగనే వస్తున్నది. గదే సమజైతలేదు. ఇగ గోలీలు పనిచేస్తలేవేమో."

తలమీదుగా విమానం వెళ్ళింది. ఆ చప్పుడు తగ్గేదాకా ఇద్దరం మాటలాపి నిలబడ్డాం. నిజం చెప్పడానికి అంత సమయం దొరికింది. నేను చెప్పలేదు.

తింటున్నా బరువు తగ్గుతోందంటే జబ్బు ముదిరిందనుకున్నారు డాక్టర్లు. గోలీలు పెంచారు. పిల్లను ఆస్పత్రిలో చేర్చుకుని పదిహేను రోజులు పరీక్షల మీద పరీక్షలు చేశారు. ఆ రోజుల్లోనే ఒకనాడు సొరుగు లాగి కాగితం చదివాను. కొవ్వు తగ్గించకూడదు, ఉప్పు తగ్గించకూడదు అని కింద గీత గీసి మరీ రాశారు. అప్పుడైనా వెళ్ళి చెప్పొచ్చు కదా? ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకంటే, ఆవిడ ముందు తలదించుకోవడం నాకిష్టం లేకపోయింది.

అఖిల తిరిగొచ్చాక పక్కన కూర్చుని నెయ్యన్నం ప్రతి ముద్దా నేనే తినిపించాను. పిల్ల బరువు పెరిగింది. దానితో సరిపోయిందని అనను. ఆ రెండు నెలలు ఆ పిల్ల ఊపిరితిత్తులకు ఏం చేశాయో నాకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు.

పోయిన నెల బస్టాండులో తల్లీకూతుళ్ళు కనిపించారు. అఖిల ఇంటర్‌లో చేరిందట. సన్నగానే ఉంది, దగ్గుతూనే ఉంది. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కనున్న ఆవిడతో, "గీ టీచరమ్మనే దగ్గరుండి తినబెట్టింది. లేకుంటే నా బిడ్డ నాకు దక్కకపోతుండె," అంది.

అఖిల నావైపు చూసింది. దానికి అన్నీ గుర్తున్నాయి, ఆ చూపులో తెలిసింది. అమ్మకు చెప్పకు అని ఏడేళ్ళ పిల్లకు నేను చెప్పిన మాట, అది ఇంకా నిలబెడుతోంది.

ఇది రాశాక గొంతు కొంచెం తెరిపిన పడింది. అంతకుమించి నాకేమీ దక్కదని తెలుసు. ఆ బాక్సు ఖాళీ చేసింది అఖిల కాదు. నేను.