చిరుతకు పెట్టిన నైవేద్యం

నేను చిరుతపులిని కళ్ళారా చూసింది లేదు. ఆ మాట ముందే ఒప్పుకొని ఉంటే ఇంత కథ ఉండేదే కాదు. చింతామణిలో ముప్ఫై ఏండ్లు డ్రాయింగు మేష్టరుగా చేసి, పిల్లలకు కుండ, మామిడికాయ, మహా అయితే పావురం గీయడం నేర్పినవాణ్ని. అలాంటివాణ్ని మా బావ 'చిరుతను గీస్తావా?' అని అడగ్గానే 'అదెంత పని' అన్నాను. మొన్న ఆ బావే ఫోను చేసి, వానలకు షెడ్డు గోడ మీది బొమ్మ వెలిసిపోయింది, వచ్చి దిద్దిపొమ్మన్నాడు. ఫోను పెట్టేశాక పాత విసుగంతా మళ్ళీ పైకొచ్చింది.

మా అక్కను ఇచ్చింది జంగమకోటె దగ్గరి పల్లెకు. ఇంటి పక్కనే పట్టుపురుగుల షెడ్డు. ఒక ఎండాకాలం కోతులు షెడ్డు కిటికీలకు కట్టిన నైలాన్ వలను చింపిపోయాయి. కోతి పురుగుల జోలికి పోదు గానీ, ఆ చిరుగులోంచి ఊజి ఈగ దూరుతుంది. అది పురుగు మీద గుడ్డు పెట్టిందంటే పురుగు గూడు కట్టకుండానే చస్తుంది. అట్లా ఒక పంట మొత్తం పోయింది. ఇంకొకటి పోతే షెడ్డుకు తాళం వేసేస్తానని అక్క ఒట్టు పెట్టుకుంది. అప్పుడు బావకు తట్టిన ఉపాయం, కోతులు జడిసేట్టు కిటికీ పక్క గోడ నిండా చిరుత. "ఊరికే బొమ్మ కాదప్పా మేష్ట్రా, ఇంప్యాక్ట్ ఉండాల. చూస్తానే గుండె జల్లుమనాల," అన్నాడు.

దానికొక షరతు. పెయింటు వాసన తగిలితే పురుగు బతకదు. అందుకని సున్నం, ఎర్రమన్ను, పసుపు, బొగ్గు, ఇవే నాకిచ్చిన రంగులు. పురుగు మేత మాని పొర విడిచే నిద్రను వాళ్ళు జ్వరమంటారు. లోపల పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి, బయట వణుకు నాకు. బావ కుర్చీ తెచ్చి నా వెనకనే వేసుకున్నాడు. నేను పొంచి ఉన్న చిరుతను గీస్తే, పండుకున్నట్టుండాది, లేపమన్నాడు. లేపితే కండ్లు పెద్దవి చేయమన్నాడు. పెద్దవి చేస్తే కోరలు చాలవన్నాడు. సాయంత్రానికి దాని కండ్లు కొబ్బరిచిప్పలంత, కోరలు ముల్లంగులంత అయ్యాయి. నాలుక కూడా కావాలన్నప్పుడు బొగ్గు కింద పెట్టి, నువ్వే గీసుకో బావా అన్నాను. ఆయన నవ్వి కాఫీ తెప్పించాడు. నాలుక నేనే గీశాను. దాని ఒంటికి మచ్చలు పెడుతూ నా పేరుకూ ఒకటి పెట్టుకుంటున్నానని అప్పుడు తెలియలేదు.

నిజం చెప్పాలంటే, మొదటి రెండు రోజులు కోతులు మిద్దె దిగలేదు. బావ ఊరంతా తన ఉపాయమని చెప్పుకున్నాడు. మూడోనాడు బావ తల్లి, మా అత్త, గోడ ముందర నిలబడి, "నోరు తెర్సుకోని ఉండే మృగానికి ఏమీ పెట్టకపోతే ఇంటికి మంచిది కాదు నాయినా," అంది. చిరుత నొసట కుంకుమ పెట్టి, కాళ్ళ దగ్గర టెంకాయ కొట్టి, అరటిపండ్లు పెట్టింది. మరుసటి రోజూ పెట్టింది. ఆ మరుసటి రోజు ఒక ముసలి కోతి దిగివచ్చి, పండు తిని, చెయ్యి చిరుత మూతికే తుడిచింది. వెనకే మందంతా దిగి, టెంకాయ చిప్పలు నాకి, కిటికీ ఎక్కి వల చించేసింది. లోపల పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు మీద పడి మేస్తున్నాయి. అక్క పోయి తన వాయిల్ చీర తెచ్చి రెండుగా చించింది. నేను పట్టుకుంటే తను కుట్టింది. కుట్టు ఒక్కచోటా వంకర పోలేదు. ఆ పంట దక్కింది.

నాకు మాత్రం పరువు దక్కలేదు. బావ తన తల్లిని ఒక మాట అనడు, అరటిపండ్ల ఊసెత్తడు. ఆ చిరుత మొగంలో రోషం లేదని తీర్పు చెప్పాడు. ఆ తర్వాత బాగేపల్లిలో పెండ్లయినా, చిక్కబళ్ళాపురంలో గృహప్రవేశమైనా నన్ను చూపించి ఒకే మాట: "మా బామ్మర్ది చిరత గీస్తే కోతులు ప్రసాదం తినిపోయినాయి." ఎన్నో ఏండ్లు నవ్వేవాళ్ళతో కలిసి నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ పండ్లు పులిసిపోయాయి.

రెండేండ్ల కిందట కొత్త షెడ్డు కట్టి, ఈసారన్నా జడిపించే మృగాన్ని గీయమన్నాడు. ఆ ఇంట్లో కోతులు జడిసేది ఒక్క ప్రాణికే అని నేను గమనించి ఉన్నాను. బావ పట్టుగూళ్ళు తీసుకుని శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయిన రోజు చూసి పని మొదలుపెట్టాను. ఎగ్గట్టిన లుంగీ, ఎర్ర తువ్వాలు, ఎత్తిన కర్ర, బొగ్గుతో నల్లటి మీసం. ఆయన సలహాలన్నీ పాటించాను. కండ్లు కొబ్బరిచిప్పలంత, పండ్లు ముల్లంగులంత.

బావ తిరిగొచ్చి గోడను ఆ చివర నుంచి ఈ చివరకు వెతికాడు. "యాడప్పా చిరత?"

"నువ్వడిగింది జడిపించే మృగాన్ని గదా బావా," అన్నాను.

అక్క ఆకు గంప కింద పెట్టి మరీ నవ్వింది. అత్త తన కొడుకు బొమ్మను ఎగాదిగా చూసి, "దీనికి నేను టెంకాయ కొట్టేది లేదు," అని లోపలికి పోయింది. నైవేద్యం లేదు, కోతులూ రాలేదు. వల చెక్కుచెదరలేదు గనక తుడిపించడానికి ఆయనకు సాకు దొరకలేదు.

ఇప్పుడు దాన్నే దిద్దమంటున్నాడు. నిన్న అక్క ఫొటో పంపింది. వానకు బొగ్గు కారిపోయి గోడ మీది మీసం తెల్లబడింది. దాని ముందర నిలబడ్డ బావ మీసమూ అంతే తెల్లగా ఉంది. గోడ మీదిదానికి గుప్పెడు బొగ్గు చాలు. రెండోది కాలం గీసింది; అది గీసేటప్పుడు వెనక కుర్చీ వేసుకుని సలహాలు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు.