వదిన ఇంటి కరెంటు

ఆ రోజుల్లో నేను చిన్నదాన్ని. అరవై కూడా నిండలేదు. (మా ఆయన ఇది చదివితే నవ్వుతాడు; నవ్వనీ.) ఒంట్లో ఓపిక, నోట్లో మాట రెండూ ఎక్కువే, ఒకచోట కాలు నిలిచేది కాదు. మూడో తరగతితో బడి మానేసిన నాకు పెద్ద లెక్కలు రావు గానీ, డబ్బాలో బియ్యం ఎన్నాళ్లొస్తాయో, సీసాలో నూనె ఎప్పుడు అడుగంటుతుందో చూపుతోనే చెప్పగలను. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించి వాడటం మా ఇంట్లో చట్టం. అలాంటి ఇంట్లోకి కోడలు బ్యాటరీ బండి కొనుక్కొచ్చింది. హ్యాండిల్ మధ్యలో చిన్న అద్దం, అందులో అయిదు గీతలు. బ్యాటరీ తగ్గేకొద్దీ ఒక్కో గీతా ఆరిపోతుంది. బండి కోడలిది, గీతల మీద కన్ను నాది. కృష్ణపట్నం అవతల మా పల్లెలో అంతా చదునే కాబట్టి, నెల్లూరు పోయివచ్చినా రెండు గీతలు మిగిలేవి. ఆ ధైర్యంతోనే వదిన ఇంటికి బండి కట్టాను.

వదిన అంటే మా ఆయన అక్క. రాపూరు దాటాక కొండల్లో ఉంటుంది ఆమె ఊరు. అంతకు ఏడేళ్ల ముందు, ఒక పెళ్లిలో నేను చేపల పులుసు వండితే, నలుగురిలో "మా మరదలు చింతపండు కూడా పెట్టెలో పెట్టి తాళం వేస్తది" అనేసింది. అందరూ నవ్వారు. "నీ ఇంట్లో ఇంక పచ్చి మంచినీళ్లు ముడితే ఒట్టు" అని నేను వచ్చేశాను. ఆ ఒట్టు అలాగే ఉండగా వదిన కొత్త ఇల్లు కట్టుకుంది. మోకాళ్లు పట్టేసి మా ఆయన గృహప్రవేశానికి పోలేకపోయాడు. "పుట్టింటి చీర పెట్టకపోతే మా అక్క మొహం ఎట్ట చూసేది?" అని రోజూ ఒకటే గొణుగుడు. సరే, చీర గడపలో ఇచ్చి, నిలబడ్డ కాళ్ల మీదే తిరిగొస్తానన్నాను. బస్సులో పోతే సాయంత్రం బస్సు దాకా ఆ ఇంట్లోనే కూర్చోవాలి. అందుకే బ్యాటరీ బండి. పొదలకూరులో కోడలి పుట్టింట్లో రాత్రి ఆగి, అయిదు గీతలూ నిండేదాకా ఛార్జింగ్ పెట్టించాను. (వియ్యపురాలి కరెంటు విషయంలో నాకే పట్టింపూ లేదు.) "ఛార్జరు ఇక్కడే తీసిపెట్టు. అది వెంట ఉంటే బుద్ధి దాని మీదికే పోతది" అని కోడలికి గట్టిగా చెప్పి, తెల్లారగానే బయల్దేరాం.

రాపూరు దాకా నేను రాణిని. ఎత్తు మొదలయ్యేసరికి ఒక గీత పోయింది. ఇంకో మలుపుకి ఇంకొకటి. నాకు వెనక సీటు ముళ్లయింది. కోడలి భుజం మీదుగా మెడ చాచి ఆ అద్దంలోకే చూస్తున్నాను. "హారన్ కొట్టబాకు, అది తాగుతది. లైటెందుకు, సూర్యుడున్నాడు గదా." కోడలు గేదెలను నోటితో అదిలిస్తూ తోలింది. నిటారు ఎత్తుల్లో నేను దిగి, చీర సంచి చంకన పెట్టుకుని బండి వెనకాల ఆయాసపడుతూ నడిచాను. పల్లానికి దిగేటప్పుడు మాత్రం తాళం తిప్పి ఆపించాను, మా ఆయన పాత మోపెడ్ అలాగే తోలేవాడు కదా.

"అత్తా, దిగేటప్పుడు ఆపబాకు. ఆన్‌లో ఉంటే కొంచెం దానంతటదే నిండుతదంట."

"ఎవరు చెప్పినారు?"

"అమ్మినాయన."

"అమ్మేవాడు ఇంకేం చెప్తాడు! తియ్యి తాళం."

వదిన గడప ముందు ఆగేసరికి ఒకే గీత, అదీ మిణుకుమిణుకుమంటూ. చీర అందించి వెనక్కి తిరిగాను. బండి ఊరి చివరి ఎత్తు కూడా ఎక్కకుండా మూలిగి ఆగింది. ఇద్దరం తోసుకుంటూ మళ్లీ అదే గడపకు వచ్చాం. వదిన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే ఉంది.

"ఏందిమే, ఏదన్నా మర్చిపోయినావా?"

కోడలు సీటు ఎత్తి, అడుగు నుంచి ఛార్జరు తీసింది.

"తీసెయ్యమంటిని గదా!"

"తీసినాను అత్తా. మళ్లీ పెట్టినాను."

"ప్లగ్గు వరండాలో ఉంది, పెట్టుకో తల్లీ" అని వదిన కోడలికి చూపించి, నా వైపు తిరిగింది. "అయితే మీ అత్త ఒట్టు పోయినట్టే."

"నీళ్లు ముట్టనంటిని. కరెంటు ముట్టనన్నానా?"

"కరెంటు ఎందులోంచి పుడతది? మా సోమశిల డ్యాం దగ్గరికి పోయి చూడు, నీళ్లలోంచే. నీ బండి తాగినట్టే!"

"మాది కృష్ణపట్నం బొగ్గు కరెంటు వదినా. తీగలో అదే వస్తది."

"అయితే తీగను అడుగు" అంది వదిన.

నిండటానికి నాలుగు గంటలు పడుతుందంది కోడలు. నేను వరండా మెట్టు మీద కూర్చున్నాను, లేచాను, ఛార్జరు ఎర్రలైటు చూశాను, మళ్లీ కూర్చున్నాను. ఆ లైటు నా కంటే మొండిది. కోడలు సిగ్గు లేకుండా లోపల భోంచేసి వచ్చింది. ఒంటిగంట దాటింది. వదిన మాత్రం నా పక్క మెట్టు మీదే కూర్చుంది. ఆమె చేతులు సన్నగా వణుకుతున్నాయి.

"నువ్వు తినలేదా?"

"పుట్టింటి మనిషి గడపలో పస్తుంటే ముద్ద నా గొంతు ఎట్ట దిగుతది?"

"నీకు షుగర్ గదా!"

"ఉంటే ఉండనీమే. ఒట్లు నీకేనా, నాకు లేవా?"

పన్నెండేళ్లుగా మాత్రలు మింగే మనిషి. మా ఆయన అక్క. ఆ వణుకు కొంచెం పెరిగింది. నేను మళ్లీ లైటు చూశాను, ఎర్రగానే ఉంది. లేచి నేరుగా ఆమె వంటింట్లోకి పోయాను. బిందెలోంచి చెంబెడు నీళ్లు ముంచుకుని వరండాలోకి తెచ్చి ఆమె ఎదుటే గటగటా తాగి, "ఇంక లే, కంచం పెట్టు" అన్నాను. ఆ నీళ్లు చల్లగా ఉన్నాయి. వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది, నేను చూడనట్టు ఉన్నాను. ఆమె పులుసు చిక్కగా ఉంది. అంత చింతపండు దండగ అనిపించింది. అనలేదు. (ఏడేళ్లలో నేను నేర్చుకున్నది అదొక్కటే.) మేం చేతులు కడుక్కునేసరికి లైటు పచ్చగా వెలుగుతోంది. మళ్లీ కూర్చుని ఇంకో గంట మాట్లాడుకున్నాం. తిరుగుదారిలో పల్లానికి దిగేటప్పుడు తాళం తియ్యమని నేను అనలేదు. రాపూరు దాకా ఒక్క గీత కూడా పోలేదు.

ఒట్టు కాపాడుకోవడానికి కొండదారిలో చంకన సంచితో రొప్పుతూ నడిచిన ఆ మనిషిని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. ఏడేళ్లు పొదుపు చేయకూడనిది పొదుపు చేసింది పాపం. ఇప్పుడు ఏటా రెండుసార్లు వదిన ఇంటికి పోతాం. పొదలకూరులో అయిదో గీత నిండకముందే నేనే పోయి ప్లగ్గు పీకేస్తాను. "చాల్లే, కరెంటు దండగ" అంటాను. కోడలు నవ్వు దాచుకుని, ఛార్జరు సీటు కింద పెడుతుంది.